నూలుకు తడి గాలి, మనిషికి పొడి గాలి

నెలనెలా సైన్సు

ఎండాకాలం వచ్చిందంటే మన బస్తీల్లో ఒక మాట వినబడుతుంది. "సోలాపూర్‌ల 42 డిగ్రీలుండె, అయినా తట్టుకున్నం. భివండీల 36 అంటున్నరు, పానం పోయినట్టయితున్నది." ఈ మాట అన్నవాళ్లను పక్కనోళ్లు నవ్వుతారు. 42 ఎక్కడ, 36 ఎక్కడ అని లెక్క చెబుతారు.

నవ్వాల్సిన పని లేదు. వాళ్ల ఒళ్లు చెప్పింది నిజమే. టీవీలో చూపే డిగ్రీ ఒక లెక్క. మన ఒంట్లోకి వచ్చే వేడి, ఒంట్లోంచి పోయే వేడి వేరే లెక్క. రెండో లెక్క తెలియకపోతే సాంచాల మధ్య నిలబడి పనిచేసేవాళ్లకు, రేకుల ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే అక్కలకు ప్రమాదం. అందుకని ఈ నెల దాని గురించే చెప్పుకుందాం.

డిగ్రీ వేరు, వేడి వేరు

ఇనుము గాని, నీళ్లు గాని, గాలి గాని, ఏ వస్తువైనా కంటికి కనబడనంత చిన్న అణువులతో తయారైనదే. ఆ అణువులు ఒక్క క్షణం కూడా ఊరుకోవు. ఇనుములో ఉన్నచోటనే ఊగుతుంటాయి. నీళ్లలో ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి. గాలిలో అయితే ఎగురుతుంటాయి. మీరు ఈ పత్రిక చదువుతున్న గదిలో గాలి అణువులు సెకనుకు దాదాపు 500 మీటర్ల వేగంతో తిరుగుతూ ఒకదాన్నొకటి, గోడల్ని, మీ చర్మాన్ని గుద్దుకుంటున్నాయి.

ఆ కదలిక సగటున ఎంత జోరుగా ఉందో చెప్పే అంకే డిగ్రీ. జోరు పెరిగితే డిగ్రీ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. జోరుగా ఉన్న అణువులు నెమ్మదిగా ఉన్నవాటిని గుద్దినప్పుడు వాటి జోరులో కొంత వీటికి వస్తుంది. అట్లా ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోయే శక్తి పేరే వేడి. అది తనంతట తాను ఎప్పుడూ ఎక్కువ డిగ్రీ ఉన్న వైపు నుంచి తక్కువ డిగ్రీ ఉన్న వైపుకే పోతుంది. "చలి లోపలికి వస్తున్నది, తలుపెయ్యి" అంటాం గాని, నిజానికి లోపలి వేడి బయటికి పోతుంటుంది.

దీపావళికి పిల్లలు కాకరపువ్వొత్తులు కాలుస్తారు కదా. వాటి నిప్పురవ్వల వేడి వెయ్యి డిగ్రీల దగ్గర ఉంటుంది. చేతి మీద పడితే చురుక్కుమంటుంది, అంతే. అదే చెంబెడు నీళ్లు 80 డిగ్రీలవి పడితే చేయి బొబ్బలెక్కుతుంది. రవ్వలో డిగ్రీ ఎక్కువే గాని అది ఆవగింజకన్నా చిన్నది, ఇవ్వడానికి దానిలో ఉన్న వేడి కొంచెమే. చెంబులో డిగ్రీ తక్కువ, వేడి మాత్రం బోలెడంత. అందుకే డిగ్రీ ఒక్కటే చూసి దెబ్బ ఎంతో చెప్పలేం. ఎంత వేడి వస్తున్నది, ఎంత తొందరగా వస్తున్నది అని కూడా చూడాలి.

వేడి నడిచే మూడు దారులు

మొదటి దారి, తాకితే పోవడం. పెంక మీద జొన్నరొట్టె వేస్తే పెంక అణువుల జోరు రొట్టెకు అందుతుంది. ఇనుములో ఈ దారి చాలా తొందర. కట్టెలో నిదానం. మధ్యాహ్నం కార్ఖానాలో సాంచా ఇనుప భాగం, దాని పక్కనున్న కట్టె భాగం ఒకే డిగ్రీలో ఉన్నా, ఇనుమే ఎక్కువ కాలినట్టు అనిపిస్తుంది. ఇనుము తన వేడిని చేతికి గబగబా ఇస్తుంది, కట్టె ఆగి ఆగి ఇస్తుంది.

రెండో దారి, మోసుకుపోవడం. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, చల్లటి గాలి కిందికి వస్తుంది. కప్పు దగ్గర గాలి పోవడానికి సందు లేకపోతే వేడి గాలి అక్కడే పొరలాగ నిలబడి, మెల్లగా మన తల దాకా దిగుతుంది.

మూడో దారి, ఎండ లాగ నేరుగా తగలడం. దీనికి మధ్యలో గాలి కూడా అక్కరలేదు. సూర్యుడి వేడి భూమికి వచ్చేది ఈ దారినే. మధ్యాహ్నం కాలిన రేకుల కప్పు కింద నిలబడితే నెత్తి మీద పొయ్యి పెట్టినట్టు ఉంటుందే, అదీ ఇదే దారి. రేకులు సాయంత్రానికి తొందరగా చల్లబడతాయి. స్లాబు మాత్రం పగలు తాగిన వేడిని రాత్రి పొద్దుపోయేదాకా కింద పడుకున్నవాళ్ల మీద వదులుతుంది.

మన ఒళ్లు కూడా ఒక పొయ్యే

తిన్న అన్నం, రొట్టె ఒంట్లో మెల్లగా కాలుతుంటాయి. ఊరికే కూర్చున్న మనిషి దాదాపు 100 వాట్ల వేడి పుట్టిస్తాడు. అంటే పాత గుండు బల్బు ఒకటి వెలిగినంత. సాంచాల మధ్య తిరుగుతూ, పోగులు ముడేస్తూ, భీములు మోస్తూ ఉంటే అది రెండు మూడింతలు అవుతుంది. ఈ వేడి పుట్టినది పుట్టినట్టు బయటికి పోవాలి. పోకపోతే ఒంటి డిగ్రీ 37 నుంచి పైకి ఎక్కుతుంది.

ఎండాకాలంలో మన చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి 25 డిగ్రీలుంటే చిక్కే లేదు. చర్మం నుంచి గాలికి వేడి దానంతటదే పోతుంది. గాలి 35 అయిందంటే ఆ దారులు మూసుకుపోయినట్టే. 35 దాటితే వేడి ఎదురు నడుస్తుంది, గాలి నుంచి ఒంట్లోకి వస్తుంది. అప్పుడు మనకు మిగిలేది ఒకే ఒక్క దారి. అది చెమట.

ఆ ఒక్క దారికి ఎంత బలముందో చూపిన ప్రయోగం ఒకటి 1774లో లండన్‌లో జరిగింది. చార్లెస్ బ్లాగ్డెన్ అనే వైద్యుడు, ఆయన మిత్రులు కొందరు పొయ్యితో బాగా కాచిన పొడి గదిలోకి పోయారు. లోపల 260 ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 127 డిగ్రీలు. నీళ్లు మరిగేదానికన్నా ఎక్కువ. బ్లాగ్డెన్ అందులో 8 నిమిషాలు ఉండి క్షేమంగా బయటికి వచ్చాడు. అదే గదిలో పెట్టిన కోడిగుడ్డు 20 నిమిషాల్లో గట్టిగా ఉడికింది. మాంసం ముక్క 33 నిమిషాల్లో ఉడకాల్సినదానికన్నా ఎక్కువే ఉడికింది. ఇంకో ముక్క మీద తిత్తితో గాలి ఊదారు. అది 13 నిమిషాలకే ఉడికిపోయింది.

గుడ్డు ఉడికిన గదిలో మనిషి ఎట్లా ఆగాడు? గది పొడిగా ఉంది, ఆయనకు చెమట పట్టింది, పట్టింది పట్టినట్టు ఆరింది. మరి ఊదిన ముక్క ఎందుకు తొందరగా ఉడికింది? ఊదిన కొద్దీ కొత్త వేడి గాలి వచ్చి దాన్ని తాకింది. ఈ రెండు సంగతులూ గుర్తుపెట్టుకోండి, ఫ్యాను దగ్గర మళ్లీ పనికొస్తాయి.

చెమట ఆరితేనే చలువ

చెమట చుక్కలో కూడా అణువులు అన్నీ ఒకే వేగంతో ఉండవు. కొన్ని నిదానం, కొన్ని జోరు. బాగా జోరుగా ఉన్నవి చుక్కను వదిలి గాలిలోకి ఎగిరిపోతాయి. మిగిలినవి నెమ్మదస్తులు. కబడ్డీ జట్టులోంచి చురుకైన ఆటగాళ్లు వెళ్లిపోతే మిగిలిన జట్టు సగటు పడిపోయినట్టు, చుక్క సగటు జోరు పడిపోతుంది. అంటే దాని డిగ్రీ తగ్గుతుంది. చల్లబడిన ఆ చుక్క చర్మం నుంచి మళ్లీ వేడి గుంజుకుంటుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే మన ఒంట్లోంచి పోయే వేడి ఎంతో తెలుసా? 7 లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి మరిగేదాకా కాచడానికి కావలసినంత. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఈ తీరుగానే.

ఇక్కడ మెలిక ఉంది. చెమట పట్టగానే సరిపోదు, ఆరాలి. కారి నేల మీద పడ్డ చెమట మన వేడిని తీసుకుపోదు, ఒంట్లో నీళ్లు, ఉప్పు మాత్రం తీసుకుపోతుంది. ఆరాలంటే గాలిలో జాగా ఉండాలి. గాలిలో అప్పటికే నీటి ఆవిరి ఎక్కువుంటే, చర్మం నుంచి ఎన్ని అణువులు ఎగురుతాయో దాదాపు అన్నే తిరిగి వచ్చి వాలుతుంటాయి. వానాకాలంలో దండెం మీద బట్టలు రెండు రోజులైనా ఆరవు, కూలర్ ఉత్త తడి గాలే కొడుతుంది. చెమటకు వచ్చే చిక్కు కూడా అదే.

ఇప్పుడు సోలాపూర్, భివండీ ముచ్చటకు వద్దాం. గాలి 42 డిగ్రీలు ఉండి, తేమ 22 శాతమే అనుకోండి. చెమట పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది. నోరు ఎండుతుంది, కళ్లు మండుతాయి. కడుపునిండా నీళ్లు తాగుతూ, నీడన ఉంటే ఒళ్లు చల్లబడే దారి మాత్రం తెరిచే ఉంటుంది. గాలి 36 డిగ్రీలే ఉండి తేమ 70 శాతం ఉంటే? చెమట ధారలు కడుతుంది గాని ఆరదు. దారి మూసుకుపోతున్నది. అంకె చిన్నదే, ప్రమాదం మాత్రం ఎక్కువ.

కార్ఖానా లోపలి చిక్కు

సాంచాల కార్ఖానాలో ఈ రెండు బాధలూ కలుస్తాయి. మొదటిది మోటార్ల వేడి. ఒక్కో సాంచాకు ఒక హెచ్‌పీ మోటారు అనుకుంటే 24 సాంచాలకు దాదాపు 18 వేల వాట్లు. తిరిగే యంత్రం తీసుకున్న కరెంటు దాదాపు అంతా చివరికి ఆ గదిలో వేడిగానే మారుతుంది. అంటే 1000 వాట్ల హీటర్లు 18 పెట్టినట్టు. పైన రేకులు, కింద ఈ హీటర్లు, మధ్యలో మనిషి.

రెండోది తేమ. పత్తి నూలు తడి తగిలితే గట్టిపడుతుంది, గాలి పొడిగా ఉంటే పెళుసై తెగుతుంది. అందుకే నేత ఖాతాల్లో తేమ 70, 80 శాతం ఉండేటట్టు చూస్తారు. చిన్న కార్ఖానాల్లో నేల మీద నీళ్లు చల్లుతారు, కిటికీలు మూస్తారు. పోగు తెగితే సాంచా ఆగుతుంది, సాంచా ఆగితే మీటర్లు తగ్గుతాయి, మీటర్లు తగ్గితే కూలీ తగ్గుతుంది. కాబట్టి కిటికీ మూసేది ఆసామి ఒక్కడే కాదు, ఒక్కోసారి మనమే మూస్తాం. నూలుకు తడి గాలి కావాలి, మనిషికి పొడి గాలి కావాలి. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు.

ఈ తగవు కొత్తది కాదు. ఇంగ్లండులో నేత షెడ్లలోకి ఆవిరి వదిలి పనిచేయించేవారు. కార్మికులు గట్టిగా ఎదిరించారు. 1889లో అక్కడ నూలు బట్టల ఫ్యాక్టరీలలో తేమకు హద్దు పెడుతూ చట్టం వచ్చింది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 15వ సెక్షన్ కూడా ఈ సంగతే చెప్పింది. కృత్రిమంగా తేమ పెంచే చోట ఎంతవరకు పెంచవచ్చో, గాలిలో తేమను ఎట్లా కొలిచి రాసిపెట్టాలో రాష్ట్ర ప్రభుత్వాలు నియమాలు చేయవచ్చు అని. 250 మందికి మించి పనిచేసే చోట ఎండాకాలంలో చల్లటి తాగునీళ్లు ఇవ్వాలని 18వ సెక్షన్ చెప్పింది. అంటే ఇది కూలివాడి గారాబం కాదు, చట్టం రాసినవాళ్లు ఒప్పుకున్న అవసరం.

రెండు థర్మామీటర్ల కొలత

పాత మిల్లుల్లో నేత ఖాతాలో పనిచేసిన పెద్దలను అడగండి, గోడకు పక్కపక్కనే రెండు థర్మామీటర్లు ఉండేవని చెబుతారు. ఒకటి మామూలుది. రెండోదాని బుడ్డికి తడి గుడ్డ చుట్టి ఉంటుంది. గాలి పొడిగా ఉంటే గుడ్డ తొందరగా ఆరుతూ తడి థర్మామీటరు బాగా కిందికి దిగుతుంది. గాలి తడిగా ఉంటే దిగదు. ఆ తడి అంకె మన చర్మం సంగతి చెబుతుంది. చెమట ఆరితే ఒళ్లు ఎంతవరకు చల్లబడగలదో అదే దాని హద్దు.

ఇందాకటి లెక్కలో 42 డిగ్రీలు, 22 శాతం తేమ ఉన్నచోట తడి థర్మామీటరు 24 చూపుతుంది. 36 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్నచోట 31 చూపుతుంది. ఈ 31 మామూలు అంకె కాదు. 1905లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త గనుల్లోని వేడి మీద పరిశోధన చేసి, కదలని గాలిలో తడి అంకె 31 దాటితే, బట్టలు విప్పి ఊరికే కూర్చున్న మనిషికి కూడా ఒంటి డిగ్రీ పెరగడం మొదలవుతుందని చూపాడు. పని చేసేవాళ్లకు అంతకన్నా ముందే మొదలవుతుంది.

ఇప్పుడు డిగ్రీ, తేమ శాతం రెండూ చూపే చిన్న డిజిటల్ మీటర్లు దొరుకుతున్నాయి. కార్ఖానాకు ఒకటి పెట్టమని నలుగురూ కలిసి అడగండి. అది లేకపోయినా ఒక గుర్తు చాలు. చెమట ఆరుతున్నదా, కారుతున్నదా? కారుతుంటే, అంకె ఎంత ఉన్నా, జాగ్రత్త పడాల్సిన వేళ అయినట్టే.

మరి ఏం చేయాలి?

ఫ్యాను: గాలి 35 డిగ్రీల లోపల ఉంటే ఎంత తిప్పినా మేలే. దాటితే ఫ్యాను రెండు పనులు చేస్తుంది. చెమట ఆరేస్తుంది, వేడి గాలి కూడా తెచ్చి తగిలిస్తుంది. లండన్ గదిలో మాంసం ముక్కకు జరిగింది రెండోదే. గది 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒళ్లును ఇంకా వేడి చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అప్పుడు ఒంటి మీద నీళ్లు చల్లుకోవాలి, మెడకు తడి తువ్వాలు వేసుకోవాలి, లేదా ఆ గది వదిలి నీడకు రావాలి. ముసలివాళ్లకు చెమట తక్కువ పడుతుంది, వాళ్లను ఫ్యాను కింద పడుకోబెట్టి ఊరుకోవద్దు.

కూలర్: ఎదురుగా కిటికీ తెరిచి ఉండాలి. మూస్తే తేమంతా గదిలోనే చేరుతుంది.

కప్పు: రేకుల మీద, స్లాబు మీద తెల్ల సున్నం కొడితే ఎండలో చాలా భాగం వెనక్కి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి కప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. కప్పు దగ్గర గాలి పోయే సందు, ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే పైన చేరిన వేడి గాలి బయటికి పోతుంది.

నీళ్లు: దప్పిక అయ్యేదాకా ఆగవద్దు. కొంచెం కొంచెం, తరచుగా తాగాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఉప్పేసిన సల్ల, నిమ్మకాయ నీళ్లు మంచివి. ఓఆర్‌ఎస్ పొట్లం అయితే దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. బీపీ, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టరును అడగాలి. ఆడవాళ్లు మరుగుదొడ్డి బాధకు నీళ్లు తాగడం తగ్గిస్తారు. అది ప్రాణం మీదికి తెచ్చే పొదుపు. మరుగుదొడ్డి అడగడం కూడా ఎండ జాగ్రత్తలో భాగమే.

అలవాటు: ఊరికి పోయి పెళ్లిళ్లు చేసుకుని వచ్చినవాళ్లు, కొత్తగా పనిలో చేరినవాళ్లు మొదటి రోజే పూర్తి పాళీ చేయకూడదు. వేడికి ఒళ్లు అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అలవాటైన ఒళ్లు తొందరగా, ఎక్కువగా చెమట పట్టిస్తుంది.

వడదెబ్బ తగిలితే

తల తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, కాళ్లు పట్టేయడం మొదటి గుర్తులు. అప్పుడే పని ఆపి నీడన కూర్చుని నీళ్లు తాగితే చాలావరకు సర్దుకుంటుంది. మాట తడబడితే, ఎక్కడున్నదీ తెలియకపోతే, స్పృహ తప్పితే అది వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీలకు చేరి ఉంటుంది. "చెమట పడుతున్నది కదా, వడదెబ్బ కాదులే" అనుకోవద్దు. పని చేస్తూ పడిపోయినవాళ్లకు చెమట ఉండవచ్చు.

వెంటనే 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చేదాకా చూస్తూ కూర్చోవద్దు. నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ గట్టిగా విసరాలి. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో మంచుగడ్డలు గుడ్డలో చుట్టి పెట్టాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం గోళీ వేయవద్దు. జ్వరంలో ఒళ్లే తన డిగ్రీని పెంచుకుంటుంది, గోళీ దాన్ని దించుతుంది. వడదెబ్బలో వేడి బయటికి పోయే దారి మూసుకుపోయింది, గోళీ ఆ దారి తెరవలేదు. నీళ్లూ గాలీ తెరుస్తాయి.

ఈ వేసవిలో మీ కార్ఖానాలో ఒక బకెట్ నీళ్లు, రెండు తువ్వాళ్లు, నాలుగు ఓఆర్‌ఎస్ పొట్లాలు ఒక మూలన పెట్టించండి. ఎవరికైనా మాట తడబడితే ఏం చేయాలో పక్క సాంచా మీద ఉన్న తమ్ముడికి ఈ రోజే చెప్పి ఉంచండి.

వచ్చే నెల: కరెంటు షాక్ ఎట్లా కొడుతుంది, ఎర్తింగ్ ఏం కాపాడుతుంది.